మాసమ్మ గోలీలకు నేను గీసిన గుండ్రం

నా పేరు క్రాంతికుమార్. అశోక్ నగర్ల ఆ పేరు చెప్పి అడిగితే ఎవ్వలు గుర్తు పట్టరు. ‘చార్టుల క్రాంతి’ అంటే మాత్రం జిరాక్స్ షాపోడు గూడ పని ఆపి చెయ్యి చాపుతడు, ‘అగో, ఆ హాస్టలు, మూడో అంతస్తు’ అని. ఎనిమిదేండ్ల సంది అదే హాస్టలు, అదే మంచం. నాతోని దేవరకొండల బస్సెక్కి ఒచ్చినోళ్లల్ల కొందరు నౌకరి కొట్టిన్రు, కొందరు పెండ్లి చేసుకున్నరు, ఇంకొందరు రెండూ చేసిన్రు. నేను చార్టులు గీసిన.

గ్రూప్స్ మెయిన్స్ల జవాబు పక్కన చిన్న బొమ్మ, అంటే నాలుగు డబ్బాలు, నాలుగు బాణాలు గీస్తే దిద్దే సారు కండ్లు అక్కడ ఆగుతయని కోచింగుల మొదటి వారమే చెప్పిన్రు. దాంతోని జవాబు గూడ రాయాలెనని చెప్పిన్రట. అది నాకు వినపడలే. తెల్లారి నారాయణగూడ పోయి పన్నెండు రంగుల స్కెచ్ పెన్నులు కొనుక్కొచ్చిన. ఇగ అప్పటికెల్లి ఏ పాఠం ముట్టినా ఫస్టు బొమ్మనే. పంచాయతీరాజ్ అంటే నిచ్చెన. కాకతీయులంటే కొమ్మలేసిన చెట్టు. మిగిలినయన్నిటికి, నదులు గానీ పథకాలు గానీ పన్నులు గానీ, గుండ్రమే. గుండ్రమంటే నాకు పానం. స్టీలు ప్లేటు బోర్లించి గీసిన్నంటే జర కూడ వంకర పోదు. చుట్టూత ఆరు డబ్బాలు, డబ్బాకూ డబ్బాకూ నడుమ బాణం, నడిమిట్ల పాఠం పేరు. గోడకు అంటిస్తే ఏం సోకుంటదో! నా చార్టులు జిరాక్సులై అశోక్ నగర్ అంత తిరిగినయ్. వాటిని చదివినోళ్లల్ల ఇద్దరు నాయబ్ తహసీల్దార్లయిన్రు. ఒకడు ఫోన్ చేసి, “అన్నా, నీ చార్టులల్ల తప్పులు ఎతుక్కుంట చదివిన, అందుకే మంచిగ గుర్తున్నయ్” అన్నడు. దాన్ని గూడ నేను మెచ్చుకునుడు అనే అనుకున్న.

తప్పున్నదని మొకం మీద చెప్పింది నవనీత ఒక్కతే. జనగామ పిల్ల. చిక్కడపల్లి లైబ్రరీల నా ఎదురు కుర్చీ ఆమెది. ఒకరి జవాబులు ఒకరం దిద్దుకుంటం. ఒకనాడు ‘బిల్లు చట్టం ఎట్ల అయితది’ అన్న ప్రశ్నకు నా గుండ్రం గీసిచ్చిన. సభల పెట్టుడు, చర్చ, ఓటింగు, రెండో సభ, రాష్ట్రపతి సంతకం, అక్కడికెల్లి ఒక అందమైన బాణం మల్ల మొదటి డబ్బాకు.

నవనీత పెన్ను మూత నములుకుంట చానసేపు చూసింది.

“అన్నా, సంతకమైనంక బిల్లును మల్ల సభకెందుకు తోలినవ్?”

“గుండ్రం గద, కలపాలె.”

“బొమ్మ కలవాలెనని చట్టాన్ని వాపస్ పంపుతవా? నీ లెక్కన ఈ దేశంల ఒక్క బిల్లు గూడ పాస్ కాదు. తిరుగుతనే ఉంటది.”

“చూసేతందుకు మంచిగున్నది గద!”

“మంచిగున్నది. గని మొదలేడ, ఆఖరేడ? వానలు, పంటలు మల్ల మొదటికొస్తయ్, వాటికి గుండ్రం గీయి. ఒకకాడ మొదలై ఒకకాడ ఆగేదానికి గుండ్రమెందుకన్నా?”

నాకు ఒళ్లు మండింది. నాకంటె ఆరేండ్లు చిన్నది, ఇంకా మొదటి స్కెచ్ పెన్ను ముట్టలే, నాకు చెప్తదా! రెండు దినాలు ఆమె ఎదురుంగ కూసోకుండ పేపర్లు చదివే హాలుకు పోయి కూసున్న. ఆ మాట గప్పుడే చెవిల పెట్టుకుంటే మాసమ్మ పానం మీదికి ఒచ్చేది కాదు.

మాసమ్మ మా మెస్సుల వంట చేస్తది. మెస్సు బుచ్చిబాబు గారిది. వాళ్ల నాయన ఎప్పుడో తెనాలి నుంచి నౌకరి మీద ఒచ్చి చిక్కడపల్లిల ఇల్లు కట్టుకుంటే, ఈయన ఆ ఇంటి కింది భాగంల మెస్సు పెట్టిండు. మాసమ్మది నాగర్‌కర్నూల్ దిక్కు. పెనిమిటి పోయినంక పట్నమొచ్చి, పదహారేండ్లుగ అదే పొయ్యి ముందట నిలవడ్డది. ఉండేది గూడ మెస్సు ఎన్క అర్రలనే. చదువ రాదు. గని అరవై మంది తినేకాడ ఎవలికి పప్పుల ఎల్లిగడ్డ పడదు, ఎవలు పచ్చిపులుసు అడిగి పోసుకుంటరు, ఎవలి రిజల్టు ఒచ్చి తిండి బంద్ పెట్టిన్రు, అన్నీ ఎర్కనే. నేను నాలుగు సార్లు ఫేలైన. నాలుగు సార్లూ అన్నం కింద రెండో గుడ్డు దాసి పెట్టింది. ఒక్కమాట అడగలే.

ఆ మాసమ్మకు రెండు కండ్లల్ల పొర ఒచ్చింది. కుడి కన్నైతే మూసుకున్నట్టే. ఆపరేషన్ చెయ్యాలంటే షుగర్ దిగాలె. రెండు సార్లు తారీఖు ఇచ్చిన్రు, రెండు సార్లూ షుగర్ ఎక్కువున్నదని వాపస్ పంపిన్రు. మూడోసారి డాక్టరమ్మ గట్టిగ చెప్పింది: షుగర్ గోలీలు ఒక్కపూట తప్పకుండ నెలరోజులు ఏసుకోని ఇరవై తారీఖుకు రావాలె, గప్పటికి గూడ దిగకపోతే మల్ల ఎప్పుడైతదో చెప్పలేం. ఆ దినమే బుచ్చిబాబు గారు నన్ను పక్కకు పిలిచిండు.

“చూడవయ్యా క్రాంతీ, నిన్న మరిగే నూనె మూకుడిని తడుముకుంటూ పట్టుకోబోయింది. నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఈసారి కూడా ఆపరేషన్ కాకపోతే ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వలేనయ్యా. ఇంకెవరినైనా పెట్టుకోవాలి. ఆ మాట ఆవిడతో అనడానికి నాకు నోరు రావట్లేదు.”

పొయ్యి లేకుంటే అర్ర లేదు, అర్ర లేకుంటే ఆమె ఏడికి పోవాలె?

“గోలీలు సక్కగ ఏసుకుంటే అయితది గద సార్,” అన్న. “మీరేం ఫికరు పడకున్రి. నేను చార్టు గీస్త.”

ఇప్పుడు ఆ మాట తలుసుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తది.

దినానికి ఐదు గోలీలు. పొద్దుగాల తినకముందు ఒకటి, తిన్నంక ఒకటి. పగటీలి తిన్నంక ఒకటి. రాత్రి మల్ల తినకముందు ఒకటి, తిన్నంక ఒకటి. తినకముందు ఏసుకునేది చిన్నగ గుండ్రంగ ఉంటది, తిన్నంకది పొడుగుంటది, చేతికే తెలుస్తది. రాజ్యాంగం అంత పెద్ద ముచ్చటేం కాదు. నేను మాత్రం రెండు రోజులు చదువు బంద్ పెట్టి గీసిన. మెస్సు ప్లేటే బోర్లించి గుండ్రం. నడిమిట్ల మాసమ్మ బొమ్మ, కొప్పుతోని. చుట్టూత సూర్యుడు, ప్లేటు, గోలి, నెత్తిమీది సూర్యుడు, చంద్రుడు. చదువ రాదు గద, అందుకే అన్నీ బొమ్మలే అని నా తెలివికి నేనే మురిసిపోయిన. పసుపు, లేత ఆకుపచ్చ, లేత నీలం రంగులు నింపిన. కండ్లల్ల పొరలున్న మనిషికి లేత రంగులు! బాణాలు మాత్రం నల్లగ, లావుగ గీసిన. ఆమెకు కనపడ్డయంటే అవ్వే కనపడ్డయ్.

పొయ్యి పక్క గోడకు, దేవుని పటం కింద అంటిచ్చిన. మాసమ్మ చేతులు తుడుసుకోని దానికి దండం పెట్టింది.

“ఏడికెల్లి షురూ బిడ్డా?” అన్నది.

“ఏడికెల్లైనా పర్వాలేదవ్వా. బాణం ఎంబడి ఏలు పెట్టుకుంట పో.”

తెల్లారి పొద్దుగాల మెస్సుకు పోయిన. నిజం చెప్పాలంటే చాయ్ కోసం కాదు, నా చార్టును చూసుకునేతందుకే పోయిన. మాసమ్మ బియ్యం బస్తా మీద ఒరిగి కూసున్నది. ఒళ్లంత చెమటలు. పిలిస్తే మాట ముద్దముద్దగ ఒస్తున్నది. నేను కాళ్లు చేతులు ఆడక నిలవడిపోతే బుచ్చిబాబు గారే ఉరికొచ్చి చక్కెర నీళ్లు తాగిచ్చిండు. ఆటోల బస్తీ దవాఖానకు తీస్కపోయినం. షుగర్ పూరాగ పడిపోయిందన్నరు. ఏమేం గోలీలు ఏసుకున్నవని సిస్టరు అడిగితే మాసమ్మ మెల్లగ చెప్పింది.

“రాత్రి తినకముందు గోలి ఏసుకున్న. తిన్న. తిన్నంక గోలి ఏసుకున్న. బాణం ఎంబడి ఏలు పోతే మల్ల సూర్యుని కాడ గోలి ఒచ్చింది. అది గూడ ఏసుకున్న. అటెన్క ప్లేటు బొమ్మ ఉన్నది గని కడుపుల జాగలేక పండుకున్న.”

“ఆ బొమ్మ గీసిన మహానుభావుడెవరు?” అన్నది సిస్టరు.

నేను గోడ మీద పోలియో చుక్కల పోస్టరు చదువుకుంట నిలవడ్డ. బుచ్చిబాబు గారు నా దిక్కు ఒకసారి చూసి, పోయి ఆటో పిలుసుకొచ్చిండు. తిట్టినా బాగుండేది.

ఆటోల వాపస్ ఒస్తుంటె అడిగిన, “అవ్వా, రాత్రిపూట పొద్దుగాల గోలి ఏందని నీకు అనుమానం రాలేదా?”

“ఒచ్చింది బిడ్డా. గని నువ్వు సదువుకున్నోనివి. నువ్వు గీసినంక నేనెట్ల కాదంట?”

ఎనిమిదేండ్లల్ల నన్ను సదువుకున్నోడని నమ్మింది ఆమె ఒక్కతే, ఆమెనే నేను పడగొట్టిన.

లైబ్రరీకి పోయి నవనీత ఎదురుంగ కూసోని జరిగింది చెప్పిన. నవ్వుతదనుకున్న. నవ్వలే.

“నీ బిల్లు వాపస్ ఒచ్చిందన్నా,” అన్నది మెల్లగ. అటెన్క అడిగింది, “ఒకటి చెప్పు. మాసమ్మ ఆ గోడ దిక్కు చూసి ఏం అడుగుతది?”

“గోలీలు ఎట్లెట్ల ఏసుకోవాలె అని.”

“అది ఆమెకు డాక్టరమ్మ చెప్పంగనే తెలిసిపోయింది. ఈ పూటది ఏసుకున్ననా, లేదా? ఆమె అడిగేది గదొక్కటే. నీ గుండ్రం దానికి జవాబు చెప్పదు.”

నేను ఎంటనే తెల్ల కాగితం గుంజి డబ్బాలు గీసుడు షురూ చేసిన. ‘తిన్నవా?’ అని ఒక డబ్బా, అక్కడికెల్లి ‘అవును’ అని ఒక బాణం, ‘లేదు’ అని ఒక బాణం. నవనీత నా చేతిలకెల్లి పెన్ను గుంజుకున్నది.

“ఆమెకు చదువ రాదన్నా! నీకొచ్చిన బొమ్మ కాదు, ఆమెకొచ్చిన బొమ్మ ఏందో పోయి చూడు.”

పగటీలి మెస్సుకు పోయిన. మాసమ్మ అప్పుడే పొయ్యి ముందట నిలవడి ఉన్నది, పండుకోమంటే వినలే. నాకు ప్లేటు అందిచ్చి, గుమ్మం పక్కన మొలల వరుస దిక్కు తిరిగి, ఏడో మొల మీది అట్టముక్క తీసి, ఒక గీత కొట్టి, మల్ల అక్కడనే తగిలిచ్చింది. చూపు సక్కగలేని మనిషి, చదువ రాని మనిషి, ఒక్క నిమిషం గూడ ఆగలే.

అది మా మెస్సు కార్డు. అరచెయ్యంత అట్ట. దినానికి ఒక వరుస, వరుసకు రెండు డబ్బాలు. తిన్నపూట గీత పడుతది.

“అవ్వా, ఏ డబ్బాల కొట్టాల్నో నీకెట్ల తెలుస్తది?”

“ఏముందిరా? నీది ఏడో మొల. నిన్నటి దాని కింద ఇయ్యాల్టిది. ఇటు పగటీలి, అటు రాత్రి. గీత ఉంటే తిన్నట్టు, లేకుంటే తిననట్టు. మొన్న రాత్రి నువ్వు రాలే, అగో ఖాళీ.”

ప్లేటు పట్టుకోని అట్లనే నిలవడ్డ. సాంబారు సల్లారిపోయింది. ఎనిమిదేండ్ల సంది దినాం రెండు సార్లు నా పేరు మీద గీత పడుతున్నది. దాన్ని నేను ఒక్కనాడు గూడ బొమ్మ కింద లెక్కపెట్టలే. రంగు లేదు గద దానికి.

బుచ్చిబాబు గారిని ఒక ఖాళీ కార్డు అడిగిన. సంగతి విని ఆయన కండ్లజోడు నెత్తిమీదికి తోసిండు. “ఇది మా ఆవిడ అన్నపూర్ణ స్కేలు పెట్టి గీసిస్తే ప్రెస్సులో అచ్చేయించానయ్యా, ఇరవై ఏళ్లయింది. నువ్వు ఎనిమిదేళ్లు చదివి ఇక్కడికొచ్చావా?” అన్నడు. అవును సార్ అన్న.

పెద్ద చార్టు కాగితం మీద నల్ల మార్కరుతోని లావు గీతలు గీసిన. కిందికి దినాలు. అడ్డానికి ఐదు డబ్బాలు, గోలీకొకటి. మాసమ్మ చేత్తోని తడుముకుంట చూసి మూతి ముడిసింది.

“ఐదెందుకు? పూటలు మూడే గద. తినకముందు గోలికి ఇట్ల ఒక గీత. తిన్నంక గోలికి దాని మీద అడ్డం ఇంకో గీత. అడ్డం పడ్డదంటే ఆ పూట ఖతం. పగటీలి ఒకటే గోలి, ఒకటే గీత.”

పన్నెండు రంగుల పెన్నులున్నోన్ని నేను. మూడు డబ్బాలతోని మల్ల గీసిన కాగితాన్ని దేవుని పటం పక్కన అంటిచ్చి, మార్కరుకు దారం కట్టి మొలకు వేలాడదీసిన. పాత గుండ్రాన్ని చింపబోతే మాసమ్మ చింపనియ్యలే. “కష్టపడి గీసినవ్, ఉండనియ్యి. నేనింక దాని మొకం చూడను తియ్,” అన్నది.

అప్పటికెల్లి నాకు అదే డ్యూటీ. లైబ్రరీకి పోయేటప్పుడు ఒకసారి, తినేతందుకు ఒచ్చినప్పుడు ఒకసారి ఆ డబ్బాలు చూస్త. ఒకనాడు పొద్దుటి డబ్బాల ఒకటే గీత ఉన్నది, అడ్డం గీత లేదు. మనిషి లేదు. ముషీరాబాద్ దిక్కు కూరగాయలకు పోయిందన్నరు. గోలి జేబుల పెట్టుకోని ఉరికిన. సోరకాయలు బేరం చేస్తున్న మనిషి నన్ను చూసి, “అయ్యో, అడ్డం పడలే గద!” అన్నది నేను నోరు తెరవకముందే. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ఒచ్చినయ్. నా బొమ్మను ఒక మనిషి బజార్ల నిలవడి గూడ మతిల చూసుకుంటదని నాకు అప్పుడే తెలిసింది.

ఇరవై తారీఖునాడు దవాఖాన బెంచీ మీద కూసున్న. రిజల్టు లిస్టు ఎతికేటప్పుడు గూడ నాకు గన్ని చెమటలు పట్టలే. లోపలికెల్లి ఆమె వాపస్ రాకుంటే ఆపరేషన్ ఉన్నట్టు. గంటైంది, రాలే. సిస్టరు బయటికొచ్చి, “షుగర్ దిగింది, లోపలికి తీసుకున్నరు, మీరు ఆమెకేమైతరు?” అని అడిగితే, మెస్సుల ఏడో మొల అని చెప్పబోయి, “కొడుకునే అనుకోన్రి” అన్న.

అటెన్క నెలరోజులు మాసమ్మను పొయ్యి దగ్గరికి పోనియ్యలే. అన్నపూర్ణ గారు వండింది. ఆ నెల మెస్సుల ఎవ్వలు ముచ్చట్లు పెట్టుకుంట కూసోలే, అందరు తొందరగ లేసి లైబ్రరీకి పోయిన్రు. నెల కాంగనే మాసమ్మ నల్ల అద్దాలు పెట్టుకోని ఎన్క అర్రలకెల్లి మెస్సులకు ఒచ్చింది. ఎడమ కన్నుకు ఇంకా కావాలె గని కుడి కన్ను సాఫ్ అయింది. ఫస్టు నా దిక్కే చూసింది.

“అయ్యో బిడ్డా, గింత ముసలోనివైనవేంది! నెత్తిమీద ఎంటికలేవి?”

అంత మంది నడుమ! ఆ దినం నాతోని తినేతందుకు ఒచ్చిన నవనీతకు తాగుతున్న నీళ్లు పొలమారినయ్. మాసమ్మ అటెన్క గోడ దిక్కు తిరిగింది. అద్దాలు పైకి జరిపి నా గుండ్రాన్ని చూసింది, నేను రెండు దినాలు చదువు మానేసి గీసిన గుండ్రాన్ని.

“ఈ ముగ్గు ఎవలేసిన్రు? మంచిగున్నది.”

నేనే అని చెప్పలే. ముగ్గన్నా మంచిగ ఒచ్చింది కద అని ఊకున్న.

తెల్లారి పోయేసరికి ఏడో మొలకు రెండు కార్డులు వేలాడుతున్నయ్. ఒకటి నా తిండిది. రెండోది కొత్తది, ఒక్క గీత లేదు. బుచ్చిబాబు గారిని అడిగి తీసుకున్నదట.

“ఇది నీ సదువు కార్డు,” అన్నది మాసమ్మ. “నెలరోజులు నాతోని గీతలు కొట్టిచ్చినవ్. ఇగ నువ్వు కొట్టు. సదివిన పూట గీత, సదవకుంటే ఖాళీ. అబద్ధం కొట్టకు, ఇప్పుడు నాకు పొయ్యికాడికెల్లే కనపడుతది.”

పన్నెండు దినాలైంది. ఇరవై నాలుగు డబ్బాలు. గీతలు ఏడు. ఎనిమిదేండ్లు చార్టులు గీసిన నాకు, నా చదువు ఎంతున్నదో చూపెట్టే బొమ్మ ఇదొక్కటే దొరికింది. రంగు లేదు, బాణం లేదు, ఎవలికీ జిరాక్స్ ఇయ్యబుద్ధి అయితలేదు.

ఇయ్యాల పొద్దుగాల కూసోని ఇదంత రాసిన. పగటీలి తినేతందుకు పోయి, మార్కరు తీసి, డబ్బా మీద పెట్టబోయిన. మాసమ్మ గరిటె పట్టుకోని చూస్తున్నది.

“పొద్దుటికెల్లి ఏం సదివినవ్?”

“చదవలే అవ్వా. నీ గురించి రాసిన.”

గరిటె గిన్నె అంచు మీద పెట్టి కార్డు దిక్కు చూసింది. నేను గీత కొట్టమంటదేమోనని ఆశపడ్డ.

“అది సదువుల పడదు,” అన్నది. “ఖాళీ ఉంచు.”